మా పిల్లలకు ఒక ఇల్లు అప్పగించండి: విశాఖ సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని సంఘాల పాస్టర్‌గార్లకు, సంఘ పెద్దలకు, సండే స్కూల్, యూత్ నడిపే అన్నలకు, అక్కలకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను గాజువాకలో ఉంటాను. పదకొండేళ్లుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. నాకు ఒక బాబు, ఒక పాప. మన పిల్లలకు సేవ ఎలా నేర్పుతున్నామన్నదే నా బాధ. ఈ మాటలన్నీ మా పాస్టర్‌గారికి ఇంటికెళ్లి చెప్పాను, ఆయన ఓపిగ్గా విన్నారు. కానీ గోపాలపట్నంలో మా అక్కవాళ్ల సంఘంలోనూ, మధురవాడలో మా ఆడపడుచువాళ్ల సంఘంలోనూ ఇదే నడుస్తోంది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు రెండేళ్ల కిందట డిసెంబరులో జరిగింది చెబుతాను.

సెమీ క్రిస్మస్ అయ్యాక మా యూత్‌తో కలిసి దుప్పట్లు పంచడానికి వెళ్లాం. రాత్రి తొమ్మిది దాటింది. ఒక ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద, గోడకి ఆనుకుని ఒకామె కూర్చుంది. పక్కన స్టీలు క్యారేజీ, చేతిసంచిలోంచి బయటికి కనిపిస్తున్న ఎక్స్‌రే కవరు. పల్లె నుంచి ఎవరినో తీసుకొచ్చి చేర్పించి, తాను బయట ఉండిపోయిందని చూస్తేనే తెలుస్తోంది. మా బాబుకి అప్పుడు పదకొండేళ్లు. దుప్పటి ఒక కొస వాడి చేతిలో, ఇంకో కొస యూత్ లీడర్ చేతిలో. ఆమె చేతులు చాపింది. ఫొటో తీశాం. బ్యానర్ మడత పడి సంఘం పేరు సరిగా రాలేదన్నారు. దుప్పటి వెనక్కి తీసుకుని, బ్యానర్ సరిచేసి, మళ్లీ ఇచ్చారు. ఈసారి ఆమె తల దించుకుంది. “అమ్మా, ఇటు చూడండి” అన్నారు. మూడోసారి ఇచ్చారు. అప్పుడు ఫొటో బాగా వచ్చింది.

ఆ ఫొటో తీసింది నేనే. నా ఫోన్‌లో కెమెరా బాగుంటుందని ఆ పని నాకిచ్చారు.

ఇంటికొస్తుంటే ఆటోలో బాబు అడిగాడు. “అమ్మా, ఆవిడ దుప్పటి మూడుసార్లు తీసుకున్నారు. మనం ఇచ్చింది ఒకటే కదా?” నేనేం మాట్లాడలేదు. కాసేపాగి మళ్లీ అడిగాడు. “ఆసుపత్రిలో ఎవరున్నారు ఆవిడకి?” మాలో ఎవ్వరం అడగలేదు. గంటలోపే దుప్పట్లన్నీ అయిపోయాయి, గ్రూపులో ఫొటోలు పెట్టేశాం, అందరూ ఆమేన్ అని పెట్టారు. ఆమె పేరేంటో, ఎవరి కోసం వచ్చిందో ఒక్కరికీ తెలియదు.

పెద్దలారా, పిల్లలు అన్నీ చూస్తారు. ఆ రాత్రి వాడికి మేము నేర్పింది దయ అని నేననుకున్నాను. తీసుకునేవాళ్లు తల ఎత్తి కెమెరా వైపు చూస్తేనే ఇవ్వడం పూర్తవుతుందని వాడు నేర్చుకున్నాడు. అది మాటల్లో ఎవరూ చెప్పలేదు. చేసి చూపించాం.

ఆ తర్వాతి ఆదివారం నా క్లాసులో యోహాను సువార్త 13వ అధ్యాయం. యేసు ప్రభువు భోజనం దగ్గరనుంచి లేచి, పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువ్వాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగిన పాఠం. బొమ్మ చూపించి, “ప్రభువులాగ ఎవరు ఉంటారు?” అని అడిగితే అందరూ చెయ్యెత్తారు. క్లాసయ్యాక బిస్కెట్లు పంచాం. పిల్లలు వెళ్లిపోయాక కింద అన్నీ కవర్లే. నేనే ఏరాను. ఆ కవర్లు ఏరుతుంటే, ఏరడం కూడా తప్పేనని తోచింది. పాఠం నేను చెప్పి, పని కూడా నేనే చేసేస్తే, వాళ్లకి మిగిలింది చెయ్యెత్తడమే.

మన సంఘాల్లో “ఆయన పరిచర్యలో ఉన్నారు” అంటే మైకు పట్టుకుని వాక్యం చెబుతున్నారని అర్థం. “మీ బాబుకి మంచి పరిచర్య ఉంది” అంటే కీబోర్డు వాయిస్తాడనో, పాట పాడతాడనో. ఆ పనులు తక్కువవని నేననడం లేదు. కానీ ఆ మాట వెనక గ్రీకులో ఉన్న పదానికి భోజనాల దగ్గర వడ్డించడం, కావలసింది అందించడం అనే అర్థం ఉందని మనకి తెలుసు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురిని ఎందుకు ఏర్పాటు చేశారు? రోజూ పంచే తిండిలో కొందరు విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గొడవ వచ్చింది కాబట్టి. ఆ ఏడుగురిలో స్తెఫను ఒకడు. మన పిల్లలకు స్తెఫను అంటే రాళ్లతో కొట్టి చంపిన హతసాక్షి అని తెలుసు. సంఘం ఆయనకు మొదట అప్పగించిన పని అన్నం సరిగ్గా అందరికీ అందేలా చూడటం అని ఎంతమందికి చెప్పాం?

ఇప్పుడు ఇంటి సంగతి. ఇది తల్లిదండ్రులకు, అంటే ముందు నాకు. మన ఇళ్లల్లో పిల్లల చేత పని చేయించడం మానేశాం. “నువ్వు చదువుకో నాన్నా, నేను చేస్తాలే.” ఈ మాట రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. తిన్న కంచం తీయక్కర్లేదు, మంచినీళ్ల సీసా నింపక్కర్లేదు, మంచం మీద దుప్పటి మడతపెట్టక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, టెన్త్ వచ్చిందంటే ఇంట్లో అందరికీ టెన్షన్, ఇంటర్ అయితే సండే స్కూలూ లేదు, యూత్ మీటింగూ లేదు. పిల్లల్ని కష్టపెట్టకూడదనే ప్రేమతోనే చేస్తాం. కానీ పదిహేనేళ్లపాటు ఇంట్లో అందరూ తనకి సేవ చేస్తుంటే పెరిగిన పిల్లవాడు, పదహారో ఏట ఒక్కసారిగా ఇతరులకి సేవ చేసేవాడు ఎలా అవుతాడు? మనుష్యకుమారుడు పరిచారం చేయించుకోవడానికి రాలేదని కంఠతా వాక్యం చెప్పి ప్రైజు తెచ్చుకున్న పిల్లవాడే, ఇంటికొచ్చి “అమ్మా, నీళ్లు” అని సోఫాలోంచి కేకేస్తాడు. మా ఇంట్లో అలాగే ఉండేది.

మా నాన్నగారు నాకు సేవ గురించి ఒక్క పాఠం కూడా చెప్పలేదు. ఆయన పోర్టులో కూలి పని చేసేవారు. మా చిన్నప్పుడు మందిరం అంటే రేకుల షెడ్డు, కింద చాపలు. ఆరాధన అయ్యాక అందరూ పలకరింపుల్లో ఉంటే ఆయన ఒక మూల నుంచి చాపలు చుట్టడం మొదలుపెట్టేవారు. నేను చాప చివర కూర్చునేదాన్ని, ఆయన చుట్టుకుంటూ నా దాకా వచ్చి ఆగేవారు, నేను నవ్వుతూ లేచేదాన్ని. వానాకాలం అయితే గుమ్మం దగ్గర బురద గోనెపట్టాతో తుడిచేవారు. ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు గానీ, ఏడెనిమిదేళ్లప్పటికి రెండో కొస నేను చుడుతున్నాను. ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన పోయినప్పుడు కూడా ఎవరూ స్టేజి మీద ఆ సంగతి చెప్పలేదు, తెలియదు కాబట్టి. మనం పిల్లలకి ఇలాంటి కొస ఒకటి చేతికిస్తున్నామా అని అడుగుతున్నాను.

మాకు ఆ కొస ఎలా దొరికిందో చెబుతాను.

మా వీధికి రెండు వీధుల అవతల ఒక మామ్మగారు ఒక్కరే ఉంటారు. పిల్లలు హైదరాబాదులో. మా మందిరం మేడమీద ఉంటుంది. మోకాళ్ల నొప్పులొచ్చాక ఆమె మెట్లు ఎక్కలేక మానేశారు. మొదట్లో ఆమె కుర్చీ ఖాళీగా ఉండేది. తర్వాత ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చున్నారు. పాస్టర్‌గారు ఒకటి రెండుసార్లు వెళ్లి ప్రార్థన చేసి వచ్చారు. నేనైతే ఒక్కసారి కూడా వెళ్లలేదు. దుప్పటి సంగతి జరిగిన తర్వాత జనవరిలో, బాబుని తీసుకుని శనివారం శనివారం ఆమె ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను.

మొదటి నెల బాబుకి ఏమాత్రం ఇష్టం లేదు. ఫోన్ పట్టుకుని గుమ్మంలో కూర్చునేవాడు. కుళాయి వచ్చే టైముకి మామ్మగారు బిందెలు పట్టమంటే సగం సగం నింపి పెట్టాడు. “ఏటి బాబూ, ఇదేటి, బిందె బోసిగా వదిలీసినావు?” అని ఆమె కసిరారు. ఇంటికొచ్చాక వాడు, “నేను అన్ని నీళ్లు మోశాను, ఆవిడ ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు” అని అలిగాడు. నాకు మందలించాలనిపించింది, ఆగాను. ఎందుకంటే ఆ బాధ నాకూ తెలుసు. స్త్రీల కూడికలో నేను వంట చేసి, పేరు ఇంకొకరికి వస్తే నేను రెండు రోజులు ముభావంగా ఉంటాను. “వచ్చే శనివారం కూడా వెళ్దాం” అన్నాను, అంతే.

ఒక్కరోజు పంపకంలో ఈ పాఠం రాదండి. ఒక్కరోజు వెళ్తే అందరూ దండం పెడతారు, దీవిస్తారు, పిల్లవాడు తానెంతో మంచివాడినని అనుకుని ఇంటికొస్తాడు. అదే ఇంటికి పదోసారి వెళ్తే దండాలుండవు. విసుగుంటుంది, చాదస్తం ఉంటుంది, చెప్పిన కథే మళ్లీ చెప్పడం ఉంటుంది. అక్కడినుంచే నిజంగా ఎదుటి మనిషి కోసం చేయడం మొదలవుతుంది.

అయిదారు నెలలయ్యాక ఒకరోజు మా ఇంట్లో గోళ్లు తీసుకునే నెయిల్ కట్టర్ కనిపించలేదు. ఇల్లంతా వెతికాం. చివరికి బాబు జామెట్రీ బాక్సులో, వృత్తలేఖిని పక్కన దొరికింది. అడిగితే నసిగాడు. ఆ శనివారం వాడు నాకంటే ముందే సైకిలేసుకుని మామ్మగారింటికి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి తలుపు ఓరగా ఉంది. ఆమె కుర్చీలో, వాడు కింద. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు. ఒక కాలు నీళ్లలో, ఇంకో కాలు వాడి మోకాలి మీద పాత తువ్వాలు పరిచి పెట్టుకున్నాడు. ఆమె వంగలేరు, గోళ్లు పెరిగి గట్టిపడి చెప్పులో గుచ్చుకుంటున్నాయి. నీళ్లలో నానబెడితే మెత్తబడతాయని ఆమే చెప్పారట. వాడు ఒక్కో వేలూ పట్టుకుని, ఊపిరి బిగబట్టి కత్తిరిస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఫోన్ నా సంచిలో ఉంది. బయటికి తీయలేదు.

తర్వాత మా సంఘంలో నర్సుగా చేసే అక్కకి ఈ సంగతి చెబితే ఆమె మొదట అడిగింది, “మామ్మకి షుగర్ ఉందా?” అని. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకి స్పర్శ తగ్గుతుంది, చిన్న గాటు పడినా తెలియదు, త్వరగా మానదు కూడా. అలాంటివాళ్ల గోళ్లు తెలిసినవాళ్లే తీయాలి, తిన్నగా కత్తిరించాలి, మూలల్లోకి లోతుగా పోకూడదు. మామ్మగారికి షుగర్ లేదు గానీ ఆ అక్క ఒకరోజు వచ్చి బాబుకి ఎలా తీయాలో చూపించింది. మంచి మనసు ఒక్కటే చాలదు, పని తెలియాలని వాడికి అప్పుడు అర్థమైంది. సంఘంలో నర్సులున్నారు, టీచర్లున్నారు, ఎలక్ట్రీషియన్లున్నారు, స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైనవాళ్లున్నారు. వీళ్లు తమకు తెలిసిన పని పిల్లలకు నేర్పితే, అది కూడా సండే స్కూలే కదా.

పిల్లలకు మనం చెప్పే కారణాల గురించి ఒక మాట. “పేదవాళ్లకిస్తే దేవుడు నీకు రెట్టింపిస్తాడు.” “ముసలివాళ్లకి సాయం చెయ్యి, పరీక్షల్లో దీవెన వస్తుంది.” ఇవి నేను క్లాసులో చెప్పిన మాటలే. ఇప్పుడు బాధపడుతున్నాను. లూకా 14లో ప్రభువు విందు చేసినప్పుడు తిరిగి పిలవలేని బీదల్ని, కుంటివాళ్లని, గుడ్డివాళ్లని పిలవమన్నారు, వాళ్లు నీకు బదులు చేయలేరు కాబట్టి అన్నారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్నారు. మనమేమో పిల్లవాడికి సేవని కూడా ఒక పెట్టుబడిలాగ నేర్పుతున్నాం. ఆ దీవెన రాలేదని వాడికి అనిపించిన రోజున సేవా మానేస్తాడు, దేవుడిమీదా అలుగుతాడు.

మన ఊరి చరిత్రలోనే ఉంది మంచి ఉదాహరణ. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, ఆనందరాయర్ అనే ఆయన తోడుతో సువార్తల అనువాదానికి కూర్చున్నారు. క్రాన్ 1809లో చనిపోయారు, డెస్ గ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఆ పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ చేత్తో పట్టుకోలేదు. ఈ సంగతి మా క్లాసులో చెబితే ఒక పాప, “మరి వాళ్లకి ఏమొచ్చింది టీచర్?” అని అడిగింది. ఇలాంటి ప్రశ్న వాక్యపోటీలో రాదు. ఆ వారం క్లాసంతా దానిమీదే మాట్లాడుకున్నాం.

సేవ మన సంఘాల సొత్తు అని పిల్లలు అనుకోకూడదు, అది కూడా చెప్పాలి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న, ఆదివారం వచ్చింది. మా ఆరాధన ఆగిపోయింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, పాలు దొరకలేదు. బాబుకి అప్పుడు రెండేళ్లు. కింది పోర్షన్‌లో ఉండే పిన్నిగారు, రోజూ పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టే మనిషి, తన మనవడి కోసం ఎక్కడో సంపాదించిన పాలల్లో సగం గ్లాసులో పోసి మా తలుపు కొట్టారు. ఆ పాలు తాగి పెరిగిన పిల్లవాడికి, మనవాళ్లకే చేయాలి, చేసేటప్పుడు కరపత్రం కూడా చేతిలో పెట్టాలి అని నేను నేర్పలేను. అన్నం పెట్టేటప్పుడు అన్నమే పెడదాం. మన నమ్మకం గురించి అడిగినవాళ్లకి మనసారా చెబుదాం.

ఇక ప్రేమ విందుల దగ్గర ఒకటి చూస్తున్నాను, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వడ్డించేది ఆడవాళ్లు, ఆకులు తీసేది ఆడవాళ్లు, గుండిగలు తోమేది ఆడవాళ్లు. పదేళ్ల పాప నీళ్ల గ్లాసులు మోస్తుంటే, పదిహేనేళ్ల అన్నయ్య కుర్చీలో కూర్చుని సాంబారు పోయమంటాడు. పాదాలు కడిగినవాడు మగవాడే కదండీ. నిస్వార్థంగా ఉండమని ఆడపిల్లకి ఒక్కదానికే నేర్పితే, దాన్ని సేవ అనలేం. సంఘ పెద్దల కొడుకులు, పాస్టర్‌గారి అబ్బాయి ముందు వడ్డిస్తే మిగతా మగపిల్లలు వాళ్లంతట వాళ్లే లేస్తారు. పాస్టర్‌గారు ఒక్క ఆదివారం చీపురు పట్టుకుంటే ఏడాది ప్రసంగాలకంటే పిల్లల మనసులో ఎక్కువ నిలుస్తుంది. చిన్నమాట పెద్దగా అన్నట్టుంటే క్షమించండి, కానీ నిజం అదే.

అందుకని నేను అడిగేది ఇదీ. ప్రతి సంఘంలో మందిరానికి రాలేక ఇంట్లో ఉండిపోయినవాళ్లున్నారు: మంచం పట్టినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, చంటిపిల్లతో సతమతమయ్యే తల్లి, గల్ఫ్‌కి భర్త వెళ్లిపోయిన అమ్మాయి. సంఘంలో లేకపోయినా ఇరుగుపొరుగున ఉన్నారు. పిల్లలున్న ప్రతి కుటుంబానికి అలాంటి ఒక ఇల్లు అప్పగించండి. ఒక్కటే ఇల్లు, ఒక ఏడాది. పిల్లల్ని ఒంటరిగా పంపవద్దు, తల్లో తండ్రో పక్కన ఉండాలి. పిల్లల క్షేమం కోసమే కాదు, మనం చేస్తుంటేనే వాళ్లు నేర్చుకుంటారు కాబట్టి. ముందు ఆ ఇంటివాళ్లని అడగండి, వాళ్లకి ఏం కావాలో వాళ్లనే చెప్పమనండి. మాకు మామ్మగారు చెప్పింది బిందెలు, మందుల షాపు, శనివారం మధ్యాహ్నం పెద్దక్షరాల బైబిలు చదివి వినిపించడం. బియ్యం, దుప్పటి ఆమె అడగలేదు.

ఆ పనికి ఫొటో వద్దు. రిపోర్టు వద్దు. ఏడాది చివర ప్రైజు అసలే వద్దు. వాక్యం కంఠతా పట్టినందుకు ప్రైజులిచ్చుకోండి, నాకు అభ్యంతరం లేదు, మే నెల వీబీఎస్‌లో, అంటే పిల్లల వేసవి బైబిలు తరగతుల్లో, నేనే ఇస్తాను. దీనికి మాత్రం ఇవ్వకండి. వీబీఎస్ పది రోజుల్లో ఒక రోజు పాటలు, డాన్సు యాక్షన్లు పక్కనపెట్టి పిల్లల్ని ఈ ఇళ్లకి తీసుకెళ్లినా మంచి మొదలే.

డిసెంబరులో దుప్పట్లు పంచడం ఆపమని నేననడం లేదు. చలికి వణికేవాళ్లకి దుప్పటి కావాలి. ఈసారి బ్యానర్ ఇంట్లో వదిలేసి, పక్కన కూర్చుని, “ఎవరికి బాగాలేదమ్మా?” అని అడిగి ఇద్దాం. ఇరవై దుప్పట్లు తక్కువ పంచినా ఫరవాలేదు. ఆ రాత్రి తలదించుకున్న ఆమె ఎక్కడుందో నాకు తెలియదు. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. చూసినప్పుడల్లా, అడగని ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. గ్రూపులోంచి మాత్రం తీసేయమని అడిగాను, తీసేశారు.

బాబు ఇప్పుడు ఎనిమిదో తరగతి. వచ్చే ఏడాదినుంచి శనివారాలు కోచింగు ఉంటుందని, మామ్మగారింటికి వెళ్లడం ఆపించమని మావాళ్లు చెబుతున్నారు. నేను వాడినే అడిగాను. “కోచింగ్ సాయంత్రం కదా, నేను పొద్దున్న కుళాయి టైముకి వెళ్తాను” అన్నాడు.

వచ్చే ఆదివారం మా సంఘంలో ప్రేమ విందు ఉంది. భోజనాలయ్యాక మా బాబు, వాళ్ల నాన్న, నేను వెనక కుళాయి దగ్గర గిన్నెలు తోముతుంటాం. మీలో ఎవరైనా మీ అబ్బాయిని తీసుకుని వస్తే, సబ్బు, పీచు మేము తెస్తాం.

ప్రభువులో మీ సహోదరి,
గాజువాక నుంచి ఒక సండే స్కూల్ టీచర్